ఎవరూ ఎవరినీ దాటని పందెం

మా దరఖాస్తు మొదటి ప్రతిలో "మైక్రోలైట్ విమానాల పందెం" అని రాశాను. మైక్రోలైట్ అంటే ఒకరిద్దరే కూర్చునే తేలికపాటి విమానం. ఆ కాగితం చదివిన అధికారి, "పందెం అన్న మాట తీసేయండి సార్, ఈ జిల్లాలో ఆ మాట చూడగానే ఎవరైనా వేరే సంగతి అనుకుంటారు" అన్నారు. సంక్రాంతి మూడు రోజులూ ఊరూరా బరులు వెలిసే కోనసీమలో ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ మాటకు బదులు ఏం రాయాలా అని ఆలోచిస్తున్నప్పుడు, మేము తలపెట్టినది మామూలు అర్థంలో పందెం కానే కాదని, ఇందులో ఎవరూ ఎవరినీ దాటరని, ఒక పైలట్ ఇంకొక పైలట్‌ను ఆకాశంలో చూడకుండానే గెలవవచ్చని దరఖాస్తులో వివరించాల్సి వచ్చింది. రెండో ప్రతిలో "టైమ్ ట్రయల్" అని రాశాను. ఆ పేరే నిలిచింది.

టైమ్ ట్రయల్ అంటే, విమానాలు ఒకదాని తర్వాత ఒకటి నిర్ణీత వ్యవధిలో బయలుదేరి, ఒకే దారిని చుట్టి వచ్చి, తమ గడియారంతో తామే పోటీ పడడం. ఇంగ్లండులో 1922 నుంచి జరుగుతున్న కింగ్స్ కప్ రేసు ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అక్కడ ప్రతి విమానానికీ దాని వేగాన్నిబట్టి హ్యాండిక్యాప్ లెక్కగట్టి, నెమ్మదైన విమానాన్ని ముందు, వేగమైనదాన్ని చివర వదులుతారు కాబట్టి, లెక్క సరిపోతే అన్నీ ఒకేసారి గమ్యం దగ్గర గుమిగూడుతాయి. చూసేవాళ్లకు అంతకన్నా గొప్ప దృశ్యం లేదు. కానీ ఏడెనిమిది తేలికపాటి విమానాలు ఒకే చివరి గీత కోసం ఒకే నిమిషంలో దిగివచ్చే ఏర్పాటును అనుభవం చాలని నిర్వాహకుడు తలపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. మేము అన్నిటికన్నా వేగమైన విమానాన్ని ముందు వదిలాము. ముందున్నది వేగమైనది, వెనక వచ్చేది నెమ్మదైనది అయితే వాటి మధ్య దూరం నిమిషనిమిషానికీ పెరుగుతుందే తప్ప తగ్గదు.

మన దేశపు పైలట్లకు ఈ తరహా పోటీ కొత్తదేమీ కాదు. ఇంగ్లండు, ఇండియాల మధ్య ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయుడికి 500 పౌండ్లు ఇస్తానని ఆగాఖాన్ ప్రకటించినప్పుడు, 1930లో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అటు, పదిహేడేళ్ల ఆస్పీ ఇంజనీర్ ఇంగ్లండు నుంచి ఇటు బయలుదేరారు. ఇద్దరూ ఈజిప్టులోని అబూకిర్‌లో కలిశారు. ఆస్పీ విమానం స్పార్క్ ప్లగ్గుల సమస్యతో అక్కడ ఆగిపోయి ఉంది. జె.ఆర్.డి. తన దగ్గరున్న అదనపు ప్లగ్గులు ఇచ్చారు, ఆస్పీ ముందుగా చేరి బహుమతి గెలుచుకున్నారు. ఈ కథ చిన్నప్పుడు విన్నాను. నిబంధనలు రాసేటప్పుడు మళ్లీ గుర్తొచ్చింది. ఇతరుల కోసం ఆగినవాడికి, ప్రమాదం శంకించి వెనక్కి తిరిగినవాడికి మన గడియారం శిక్ష వేయకూడదన్న నియమాన్ని అన్నిటికన్నా ముందు రాసి, మిగిలినవన్నీ దానికి లోబడేలా చూసుకున్నాను.

తేదీ కోసం మొదట జనవరి చూశాము. పండుగ రోజులు కుదరవని తెలుసు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఎంత జనం వస్తారో, పోలీసు యంత్రాంగమంతా ఎంత తీరిక లేకుండా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. పండుగ తర్వాత పెట్టుకుందామనుకుంటే, దాళ్వా నాట్ల కోసం దమ్ము చేస్తున్న ట్రాక్టర్ల వెంట వందల కొంగలు తిరుగుతూ ఉంటాయి, ట్రాక్టరు మలుపు తిరిగినప్పుడల్లా ఆ గుంపు ఒక్కసారిగా లేస్తుంది. ప్రొపెల్లరుకు ముందు, రెక్క కింద ఏ అడ్డమూ లేకుండా కూర్చునే ట్రైక్ (రెక్క కింద వేలాడే మూడు చక్రాల తేలికపాటి విమానం) పైలట్‌కు కొంగ ఎదురుకావడం చిన్న విషయం కాదు. దానికి తోడు జనవరి పొగమంచు. ఫిబ్రవరిలో మంచు పూర్తిగా పోదు గాని పలచబడుతుంది, నాట్లు అయిపోతాయి, గోదావరిలో నీరు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడతాయి. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, రథోత్సవం ముగిసి, తీర్థానికి వచ్చిన జనం తిరిగి వెళ్లిపోయాక మూడో వారంలో రెండు ఉదయాలు ఎంచుకున్నాము.

ఇసుక తిన్నెల మాట ఎందుకు ఎత్తానంటే, దారి మొత్తం వాటిని చూసే గీశాము. పైనుంచి చూస్తే కోనసీమ అంతా ఒకటే పచ్చదనం, కానీ ఇంజన్ ఆగిన పైలట్‌కు ఆ పచ్చదనంలో దిగేందుకు జానెడు చోటు కనిపించదు. కొబ్బరితోటలో దిగలేరు, తడి వరిచేలో ముందు చక్రం కూరుకుపోయి విమానం తిరగబడుతుంది, రొయ్యల చెరువుల మీద కరెంటు తీగలు ఉంటాయి. ఇక మిగిలింది ఏరు, దాని లంకలు, ఇసుక. వెయ్యి అడుగుల ఎత్తు అంటే సుమారు 300 మీటర్లు. ట్రైక్ ఒక మీటరు దిగేలోపు ఎనిమిది మీటర్లు ముందుకు సాగుతుందనుకుంటే, ఇంజన్ ఆగిన చోటి నుంచి 2 కిలోమీటర్ల 400 మీటర్ల లోపల ఇసుక ఉండి తీరాలి. పటం మీద ఆ కొలతతో కంపాసు పెట్టి, ఎక్కడెక్కడ వలయంలోకి తిన్నె రాలేదో అక్కడ కనీస ఎత్తును 1500 అడుగులకు పెంచాము.

అలా తేలిన దారి ఇది. రావులపాలేనికి దిగువన ఒక మిత్రుడి మెరక పొలంలో, అనుమతి తీసుకుని సిద్ధం చేసిన స్ట్రిప్ (చిన్న రన్‌వే) నుంచి బయలుదేరి, పి.గన్నవరం దగ్గర వైనతేయ మీదున్న అక్విడక్టును మొదటి గుర్తుగా, వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేది దగ్గరి లైట్‌హౌస్‌ను రెండో గుర్తుగా, తిరుగుదారిలో చించినాడ వంతెనను మూడో గుర్తుగా తాకి, వశిష్ఠ వెంబడి ఇంటికి రావాలి. మొత్తం సుమారు 90 కిలోమీటర్లు. వెళ్లేదారి, వచ్చేదారి వేరు కాబట్టి విమానాలు ఎదురెదురుగా రావు. ఏటికి అడ్డంగా వెళ్లే కాలువ ఒకటి ఆకాశం నుంచి ఎంత స్పష్టంగా కనిపిస్తుందో చూసినవాళ్లకే తెలుస్తుంది, నీటి మీద నీరు ప్రవహించడం వెయ్యి అడుగుల పైనుంచి కూడా పోల్చుకోవచ్చు. దారికి దగ్గరలో గ్యాస్ బావులు, పైపులైన్లు ఉన్నచోట్ల దూరం పెంచాము. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ మంటలు రెండు నెలలకు పైగా ఆరకుండా మండడం చూసినవాళ్లు, 2014 జూన్‌లో నగరం పైపులైను పేలుడులో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఈ దారిలోనే ఉన్నారు. కిందుగా ఎగురుతున్న ఇంజన్ చప్పుడు వాళ్లకు ఏం గుర్తుచేస్తుందో ఆలోచించకుండా పటం మీద గీత గీయడం తప్పు. ప్రతి పంచాయతీకీ వెళ్లి, ఏ రోజు, ఏ గంటకు, ఎన్ని విమానాలు, ఎంత ఎత్తులో వెళ్తాయో చెప్పి వచ్చాము.

అనుమతుల గురించి ఎక్కువగా రాయను. పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ, రాజమహేంద్రవరం విమానాశ్రయంలో విమానాల రాకపోకలను అదుపు చేసే ఏటీసీ, జిల్లా యంత్రాంగం, తీరం దగ్గర కాబట్టి భద్రతా విభాగాలు, ఇవన్నీ కాక ప్రతి విమానానికీ ఎగిరే ముందు తీసుకోవాల్సిన ఏడీసీ (వైమానిక రక్షణ అనుమతి), ఎఫ్ఐసీ (విమాన సమాచార కేంద్రం) నంబర్లు ఉన్నాయి. ఎనిమిది నెలలు పట్టింది. ఓపిక ఉన్నవాళ్లకు ఇది అసాధ్యం కాదని మాత్రం చెప్పగలను.

అసలు కష్టం న్యాయమైన లెక్క దగ్గర వచ్చింది. వచ్చినవి ఏడు విమానాలు. వాటిలో మూడు, మామూలు విమానంలా తోక, కంట్రోల్ స్టిక్ ఉండి, గంటకు 150 కిలోమీటర్ల దాకా వెళ్లేవి. మిగిలిన నాలుగు ట్రైకులు, వాటి వేగం 90 దగ్గర. హ్యాండిక్యాప్ పెట్టి అందరికీ ఒకే బహుమతి ఇద్దామని మొదట చాలామంది అన్నారు. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. దారిని సులువు కోసం 45 కిలోమీటర్లు వెళ్లి 45 కిలోమీటర్లు తిరిగి రావడంగా అనుకుందాం. గాలి లేకపోతే 90 వేగమున్న ట్రైకుకు సరిగ్గా 60 నిమిషాలు. గంటకు 20 కిలోమీటర్ల గాలి వెళ్లేటప్పుడు వెనక నుంచి, వచ్చేటప్పుడు ఎదురుగా ఉంటే, పోయేటప్పుడు ఇచ్చింది వచ్చేటప్పుడు తీసుకుంటుంది కదా, చెల్లుకు చెల్లు అనిపిస్తుంది. కానీ వెళ్లడానికి 24 నిమిషాల 33 సెకన్లు, రావడానికి 38 నిమిషాల 34 సెకన్లు, మొత్తం 63 నిమిషాల 7 సెకన్లు అవుతుంది. ఎదురుగాలిలో గడిపే సమయం ఎక్కువ కాబట్టి గాలి తాను ఇచ్చినదానికన్నా ఎక్కువే తీసుకుంటుంది. అదే గాలిలో 150 వేగమున్న విమానానికి 36 నిమిషాలకు బదులు 36 నిమిషాల 39 సెకన్లు మాత్రమే పడుతుంది. ఒకే గాలి ఒకరి నుంచి మూడు నిమిషాలు, ఇంకొకరి నుంచి 39 సెకన్లు తీసుకుంటుంటే, ముందురోజు రాత్రి కట్టిన హ్యాండిక్యాప్ అంకె మర్నాటి ఉదయానికి ఎలా న్యాయమవుతుంది? అందుకే రెండు తరగతులుగా విడదీసి, ఎవరి తరగతిలో వారికే స్థానాలు ఇచ్చాము. ఒక్క ఉదయపు గాలి మీద ఆధారపడకుండా రెండు ఉదయాల సమయాలు కలిపాము, రెండో రోజు తరగతి లోపల బయలుదేరే వరుసను తిరగేశాము. పొద్దెక్కితే సముద్రపు గాలి మొదలవుతుంది కాబట్టి తొమ్మిదిన్నర తర్వాత ఎవరినీ వదలలేదు.

మలుపుల విషయంలో మేము పెట్టిన నియమాన్ని ఇలాంటిది జరపాలనుకునే ప్రతివారికీ సిఫారసు చేస్తాను. 90 వేగంలో ఉన్న ట్రైకు వెనక్కి తిరగడానికి, రెక్కను 30 డిగ్రీలు వంచితే సుమారు 14 సెకన్లు పడుతుంది. 60 డిగ్రీలు వంచితే 5 సెకన్లలోపే తిరిగిపోతుంది. తొమ్మిది సెకన్ల లాభం. కానీ 60 డిగ్రీల వంపులో రెక్క మోయాల్సిన బరువు రెండింతలవుతుంది, స్టాల్ వేగం, అంటే ఏ వేగానికి తగ్గితే రెక్క విమానాన్ని మోయలేదో ఆ వేగం, 1.41 రెట్లు పెరుగుతుంది. తిన్నగా వెళ్తున్నప్పుడు 55 దగ్గర స్టాల్ అయ్యే ట్రైకు ఆ వంపులో 78 దగ్గరే స్టాల్ అవుతుంది, మలుపులో వేగం కాస్త పడిపోతే ఇక మిగిలేది ఏమీ ఉండదు. అంతగా వంచవద్దని పైలట్లకు నీతులు చెప్పవచ్చు, కానీ లైట్‌హౌస్ దగ్గర వాళ్ల పక్కన మనం కూర్చోము. అందుకని ప్రతి గుర్తు చుట్టూ కిలోమీటరు వలయం గీసి, విమానం అందులోకి ప్రవేశించగానే గడియారం ఆగేలా, బయటికి రాగానే మళ్లీ నడిచేలా లెక్క పెట్టాము. లోపల మూడు నిమిషాల దాకా ఎంత నెమ్మదిగా తిరిగినా నష్టం లేదు. నిటారుగా తిరిగినవాడికి దక్కేది ఏమీ లేనప్పుడు ఎవరూ నిటారుగా తిరగరు.

పడవల ఏర్పాటు కోసం సఖినేటిపల్లి రేవులో పడవలవాళ్లతో మాట్లాడుతున్నప్పుడు ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న నన్ను ఆలోచనలో పడేసింది. "బాబూ, ఎక్కడ పడతారో తెలీదంటారు సరే, ఎక్కడ పడితే మీకు మంచిదో చెప్పండి, మేం ఆ పక్కనే ఉంటామండీ" అన్నారు. అప్పటిదాకా మేము పడవలను సమాన దూరాల్లో పెట్టాలని చూస్తున్నాము. ఆ సాయంత్రం పటం మళ్లీ పరిచి, ఏ పైలట్ అయినా నీటిలో దిగాల్సివస్తే ఏ రేవు పక్కకు, ఏ తిన్నె అంచుకు ప్రయత్నించాలో ముందే నిర్ణయించి, ఆరు చోట్లకు ఆరు పడవలు పంపాము, అవే ఆరు చోట్లను పైలట్ల పటాల మీద ఎర్ర సిరాతో గుర్తుపెట్టాము. లైఫ్ జాకెట్ లేనిదే బయలుదేరే గీత దగ్గరికి రానివ్వలేదు.

కాలం కొలిచే బాధ్యతను మా ఊరి హైస్కూల్లో రిటైరైన పీఈటీ మాస్టారికి అప్పగించాము. నేను రెండు స్టాప్‌వాచీలు కొని తెచ్చాను. ఆయన వాటిని చూసి, "రెండు వాచీలు తేడా వస్తే ఏది నమ్ముతావురా? మూడు ఉండాలి, నడిమిది తీసుకోవాలి" అన్నారు. అథ్లెటిక్స్‌లో చేతి గడియారాల పాత నియమం అదే. మూడోది ఆయనే ఇంటి నుంచి తెచ్చారు.

మొదటి రోజు ఐదున్నరకు అందరం స్ట్రిప్ మీద ఉన్నాము. రాత్రి విప్పి కట్టిన ట్రైకు రెక్కల మీద, మినప పప్పు చల్లినట్టుగా, మంచు బిందువులు గుడ్డంతటా అంటుకుని ఉన్నాయి. చూడడానికి అందంగా ఉంటుంది గాని, రెక్క పైభాగాన ఆ బిందువులు ఉన్నంతసేపు గాలి నునుపుగా జారదు, లేవడానికి పట్టే దూరం పెరుగుతుంది, స్టాల్ ముందుగా వస్తుంది. పాత నూలు పంచెలు రెండు మూటలు తెప్పించి ఉంచాము. ఇద్దరిద్దరు నిచ్చెనలు పట్టుకుని, ముందు అంచు నుంచి వెనక్కి, ఒక్కో పట్టీ తుడిచారు. తుడిచిన చోట మళ్లీ చెయ్యి ఆనించి చూసి, అరచెయ్యి తడి కాకపోతేనే పక్కకు జరిగారు. నాలుగు ట్రైకులకు నలభై నిమిషాలు పట్టింది, అందుకే బయలుదేరడం పావుగంట ఆలస్యమైంది.

ఏడున్నరకు మొదటి జెండా ఊపాము. ఆ తర్వాత ఐదేసి నిమిషాలకు ఒకటి. ఆరో విమానం వెళ్లిన పావుగంటకు, పి.గన్నవరం దగ్గర కాలువ మీద మంచు పొర ఉందని, అక్విడక్టు కనిపించడం లేదని ఆ పైలట్ రేడియోలో చెప్పి వెనక్కి తిరిగాడు. వయసులో అందరికన్నా చిన్నవాడు, మొదటిసారి పోటీకి వచ్చినవాడు. దిగగానే, "అన్నా, నా ముందు వెళ్లినవాళ్లకు కనబడిందేమో, నేను తొందరపడ్డానేమో" అన్నాడు. ఏడోవాడిని కూడా రేడియోలో వెనక్కి పిలిచాము. ఇద్దరూ గంట తర్వాత, మంచు విడిపోయాక, కొత్త జెండాతో మళ్లీ మొదటి నుంచి బయలుదేరారు. నిబంధన ప్రకారం గడియారం వాళ్ల దగ్గర ఏమీ తీసుకోలేదు. గాలి మాత్రం తీసుకుంది, ఎందుకంటే ఆ గంటలో అది కొద్దిగా పెరిగింది. దానికి నా దగ్గర పరిష్కారం లేకపోయింది, ఇప్పటికీ లేదు.

రెండో రోజు ఏ ఆటంకమూ లేకుండా ముగిసింది. సాయంత్రం ఫలితాలు ప్రకటించాము, గెలిచినవాళ్లకు ఆత్రేయపురం పూతరేకులు పంచాము. ట్రైకుల తరగతిలో వెనక్కి తిరిగిన ఆ కుర్రవాడు మూడోవాడు, రెండోవాడికన్నా 29 సెకన్లు వెనక. ఆ రాత్రి లెక్కల కాగితాలు సర్దుతుండగా, మాస్టారు చివరి గీత దగ్గర రాసిన సమయాలను, విమానాల్లోని జీపీఎస్ లాగర్ల (ప్రయాణపు దారిని, సమయాన్ని రాసుకునే పరికరాల) సమయాలతో పక్కపక్కన పెట్టి చూశాను. చాలావాటికి తేడా అర సెకను లోపే ఉంది. రెండు విమానాలకు మాత్రం రెండు రోజులూ తేడా సుమారు 18 సెకన్లు. చేతి పొరపాటు ప్రతిసారీ అంత నిక్కచ్చిగా 18 రాదు.

కారణం వెంటనే తట్టింది. జీపీఎస్ ఉపగ్రహాల గడియారం 1980 జనవరి 6 నుంచి ఆగకుండా లెక్కపెడుతోంది. భూభ్రమణానికి సరిపెట్టడానికి మన పౌర కాలానికి అప్పుడప్పుడు కలిపే లీపు సెకన్లు దానికి కలపరు. అలాంటివి 2016 చివరిదాకా 18 చేరాయి, కాబట్టి జీపీఎస్ కాలం మన గడియారం కన్నా 18 సెకన్లు ముందుంటుంది. చాలా పరికరాలు ఆ తేడాను తీసేసి రాస్తాయి. ఆ రెండు విమానాల్లోని లాగర్లు తీయకుండా ముడి కాలాన్నే రాసుకున్నాయి. బయలుదేరే సమయాన్ని నేను నేల మీది గడియారంతో, చేరిన సమయాన్ని లాగర్‌తో తీసుకున్నాను. రెండూ ఒకే గడియారంతో తీసి ఉంటే తేడా దానంతటదే పోయేది. తప్పు లాగర్‌ది కాదు, రెండు గడియారాలను కలిపిన నాది. ఆ రెండు విమానాల్లో ఒకటి వేగమైన తరగతిలో మొదటి స్థానంలోనే ఉంది, దాని స్థానం మారదు. రెండోది ఆ కుర్రవాడిది. రోజుకు 18 చొప్పున 36 సెకన్లు తీసేస్తే, అతను ఏడు సెకన్ల తేడాతో రెండోవాడు.

అప్పటికి రాత్రి పదకొండు. రెండోస్థానం వచ్చిందని మేము ప్రకటించిన పైలట్ రావులపాలెంలో లాడ్జిలో ఉన్నాడు, అతను తెల్లవారుజామునే ట్రైకును లారీకెక్కించి బయలుదేరతాడని తెలుసు. మాస్టారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లి, కాగితాలు మంచం మీద పరిచి, ఒక్కో వరుసా చూపించాను. ఆ పైలట్ నలభై ఏళ్లు దాటిన మనిషి, ఎన్నో పోటీలు చూసినవారు. నేను చెప్పడం పూర్తయ్యేదాకా ఏమీ అనలేదు. తర్వాత మాస్టారి మూడు వాచీల అంకెలను తన వేలితో ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, "ఏడు సెకన్లేనాండీ?" అని అడిగి, చొక్కా వేసుకుని, ఆ కుర్రవాడు పడుకున్న గది ఎటువైపో చూపించమన్నారు.